జపాన్ పాత యుద్ధవిద్యలో చేరాలంటే ముందు ఏం చేయాలి?

1868లో మెయిజీ పాలన రాకముందే పుట్టి, గురుశిష్యుల ద్వారా నేటికీ నిలిచిన యుద్ధవిద్యలను జపాన్‌లో కొర్యూ అంటారు. జూడో, కెండో (కత్తిసాము క్రీడ) వీటి తర్వాత వచ్చినవి. కొర్యూలో సాధారణంగా పోటీలు ఉండవు. పతకాలు కావాలంటే ఇది మీ దారి కాదు.

ముందు ఏ ర్యూ, అంటే ఏ సంప్రదాయం, మీకు నచ్చుతుందో చూసుకోండి. 15వ శతాబ్దంలో ఈజాసా ఇయెనావో మొదలుపెట్టిన కటోరి షింతో ర్యూ ఇప్పటికీ చిబాలో నడుస్తోంది. అక్కడ కత్తితో పాటు ఈటె, కర్ర కూడా నేర్పుతారు. షింతో ముసో ర్యూలో సుమారు 128 సెంటీమీటర్ల కర్రే ప్రధానం. అయితే ర్యూ పేరు కంటే, మీరు ప్రతి వారం వెళ్లగలిగే దూరంలో మంచి గురువు ఉండటమే ముఖ్యమని నా నమ్మకం. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో, నేర్పే అనుమతి ఎవరిచ్చారో మర్యాదగా అడగండి. నిజమైన గురువు అందుకు నొచ్చుకోరు.

తర్వాత మీరెవరో, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారో చెబుతూ, ఒకరోజు వచ్చి చూడటానికి అనుమతి కోరుతూ ఉత్తరం రాయండి. జవాబు ఆలస్యమైతే టెన్షన్ పడకండి.

చూడటానికి వెళ్లిన రోజు కాస్త ముందే చేరుకోండి. ఫోన్ లోపల పెట్టేసి, నిశ్శబ్దంగా కూర్చోండి. అభ్యాసం ఎక్కువగా ఇద్దరు కలిసి చేసే కతాలతో, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరుసలతో, సాగుతుంది. చాలా కత్తి సంప్రదాయాల్లో చివరికి ఓడిపోయే పాత్ర, ఉచిదాచి, సీనియర్‌ది. కొత్తవాడు ఎంత వేగాన్ని తట్టుకోగలడో చూసి అంతే వేగంతో కత్తి దించడం, తప్పు చేస్తే దెబ్బ తగలకముందే ఆపడం ఆయన బాధ్యత. అందుకే గెలిచేవాడిని కాదు, ఆ సీనియర్‌ని చూడండి. జూనియర్లను భయపెట్టి ఆనందించే మనిషి కనిపిస్తే ఆ డోజో, అంటే ఆ శిక్షణశాల, వద్దు.

ఈలోగా ఇంట్లో సెయ్‌జా అలవాటు చేసుకోండి. మన వజ్రాసనంలాగే కూర్చోవాలి. రెండు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మోకాళ్ల నొప్పి ఉంటే గురువుకు ముందే చెప్పండి.

బొక్కెన్, అంటే చెక్క కత్తి, ఇప్పుడే కొనకండి. దాని ఆకారం, బరువు ఒక్కో ర్యూలో ఒక్కోలా ఉంటాయి. బట్టలు కూడా గురువు చెప్పాకే. వేసుకునేటప్పుడు మాత్రం ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. కుడి అంచు పైకి వేయడం అక్కడ శవానికి చేసే పద్ధతి.

కొన్ని ర్యూల్లో చేరేముందు ప్రమాణం చేయాలి. కటోరిలో రక్తంతో ముద్ర వేసే ఆచారం ఉంది. ప్రమాణ పత్రంలో ఏముందో పూర్తిగా చదివి, అర్థం కాని ప్రతి మాటనూ అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.