ఆ అరగంట మీదే: ఇల్లూ పిల్లల మధ్య పరుగు మొదలుపెట్టడం ఎలా

పిల్లలున్న ఇంట్లో ఖాళీ దానంతటది రాదు. కుళాయి వచ్చే వేళ, స్కూలు ఆటో హారను కొట్టే వేళ, ఆయన టిఫిను వేళ, అన్నీ ముందే రాసిపెట్టినట్టు ఉంటాయి. పరుగుకి కూడా అలాగే ఒక వేళ రాసిపెట్టాలి: వారానికి మూడు రోజులు, రోజుకి అరగంట. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడున్నా ఇదే లెక్క. "వీలు చూసుకుని వెళ్తాను" అనుకున్నవాళ్ళు రెండో వారానికే ఆగిపోతారు. బద్ధకం వల్ల అనుకోకండి. ఆ వేళకి పిల్లని ఎవరు చూడాలో తేలకపోవడం వల్లే ఆగిపోతారు.

పిల్లని ఎవరు చూస్తారో ముందు తేల్చండి

బూట్లు కొనడానికి ముందే ఇంట్లో మాట్లాడాలి. "కాస్త చూస్తూ ఉండండి" అంటే ఎవరూ చూడరు, పిల్ల ఏడవగానే మీకు ఫోను వస్తుంది. రోజు, గంట, పని, మూడూ కలిపి చెప్పండి: "ఏవండీ, మంగళవారం, లక్ష్మివారం, ఆదివారం ఐదుంపావు నుంచి పావు తక్కువ ఆరు దాకా బాబు మీ దగ్గరే. లేస్తే ఇవ్వడానికి పాలు ఫ్లాస్కులో పోసి పెట్టాను." అత్తగారు చూస్తానంటే మంచిదే. కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషి చేత ఏడాదిన్నర పిల్లాణ్ణి ఎత్తించే ఏర్పాటు నెలకి మించి నిలవదు. పెద్దపిల్లని ఆవిడకి, చిన్నవాణ్ణి తండ్రికి అప్పగించండి. భర్త వేరే ఊళ్ళో డ్యూటీ చేస్తుంటే పక్కింటి తల్లితో వంతు పెట్టుకోండి. ఒక రోజు ఆమె పిల్లలు మీ ఇంట్లో, మర్నాడు మీవాళ్ళు ఆమె ఇంట్లో.

రాత్రి పడుకునే ముందు పది నిమిషాల పని ఉంటుంది. బట్టలు, మేజోళ్ళు, బూట్లు, తలుపు తాళం ఒకే చోట పెట్టండి. కూర తరిగి, బియ్యం కొలిచి ఉంచండి. స్టవ్ మీద కుక్కరు పెట్టి మాత్రం వెళ్ళకండి. విజిళ్ళు లెక్కపెట్టే బాధ్యత ఇంట్లోవాళ్ళ మీద పడితే ఆ అరగంట మీద అందరికీ విసుగొస్తుంది.

ఏడాది పొడవునా ఒకే వేళ కుదరదు, కాబట్టి మూడు వేళలు సిద్ధంగా పెట్టుకోవాలి. బరంపురం వైపు జూన్‌లో ఐదుంపావుకే సూర్యుడు వస్తాడు, జనవరిలో ఆరున్నర కావొస్తుంది. అందుకని చలికాలంలో ఐదుంపావు పరుగు చీకట్లో పరుగే. ఇంటిపట్టున ఉండేవాళ్ళు ఆ నెలల్లో పిల్లల్ని బడికి పంపాక వెళ్ళొచ్చు, ఎండ అంతగా బాధించదు. ఉద్యోగం చేసేవాళ్ళు రెండు రోజులు మేడ మీద, ఆదివారం తెల్లారాక బయట పరుగెత్తాలి. ఏప్రిల్ వచ్చేసరికి ఒడిశా బడులు పొద్దుటి పూటకి మారతాయి, ఆరున్నరకే బడి. అందరి పొద్దుటి పరుగూ తెగిపోయేది సరిగ్గా అప్పుడే. పొద్దుటి బడి ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఆరున్నర తర్వాత, లైట్లున్న మైదానానికి మారండి. మార్గశిరంలో లక్ష్మివారాలు తెల్లవారుజామునే ఇల్లు కడిగి ముగ్గు వేయాలి. పక్కన ఒడియావాళ్ళకీ అదే మాణబసా గురువారం. ఆ నెల గురువారం వంతు శుక్రవారానికి జరపండి. కార్తీక సోమవారం, ఏకాదశి లాంటి ఉపవాసం రోజుల్లో పరుగు వద్దు, నడక చాలు.

ఒళ్ళు సిద్ధంగా ఉందా

కాన్పయి మూడు నెలలు నిండకుండా పరుగెత్తకూడదు. మామూలు కాన్పుకీ, ఆపరేషనుకీ అంతే. ఆపరేషనైతే కుట్టు దగ్గర లాగుడు, నొప్పి పూర్తిగా పోయి, డాక్టరు సరేనన్నాకే. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు తయారుచేసిన మార్గదర్శకాలు కూడా మూడు నెలలకి ముందు వద్దనే చెప్పాయి. మూడు నెలలు నిండినా ఇంట్లోనే ఈ పరీక్షలు చేసుకోవాలి: ఆగకుండా 30 నిమిషాల నడక, ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడటం, ఉన్నచోటే ఒక నిమిషం పరుగు, ఒక్కో కాలి మీద 10 గెంతులు. వీటిలో ఎక్కడైనా నొప్పి వచ్చినా, మూత్రం చుక్కలు పడినా, కింద బరువుగా జారుతున్నట్టు అనిపించినా ఇంకా వేళ రాలేదని అర్థం.

గెంతినప్పుడు మూత్రం చుక్కలు పడటం చాలామంది తల్లులకి ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పుకోరు. కాన్పయ్యాక ఇది మామూలేనని సరిపెట్టుకోకండి, దీనికి వ్యాయామం ఉంది. మూత్రం, గ్యాసు ఆపుకున్నట్టు కింది కండరాల్ని లోపలికి, పైకి బిగించండి. మొదట 3 సెకన్లు, నెమ్మదిగా 10 సెకన్ల దాకా. అలా 8 నుంచి 10 సార్లు, రోజుకి మూడు పూటలు, మూడు నెలలు. పాలిస్తూ కూర్చున్నప్పుడు చేస్తే మర్చిపోరు. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. చాలామంది చేసే తప్పు ఈ రెండే. మూడు నెలలు చేసినా తగ్గకపోతే ఆడవాళ్ళ డాక్టరుకి చూపించండి. పొట్ట కండరాల మధ్య సందు కూడా చూసుకోవాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కాస్త ఎత్తి బొడ్డు దగ్గర వేళ్ళు నిలువుగా ఆనించండి. పక్కపక్కనే పెట్టిన వేళ్ళు రెండుకి మించి ఆ సందులో పడితే ముందు ఫిజియోథెరపిస్టుని కలవాలి.

రక్తం సంగతి ఇంకా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 64 మందికి రక్తహీనత ఉంది. రెండు మెట్లెక్కితే ఆయాసం, పరుగెత్తితే కళ్ళు తిరగడం లాంటివి ఉంటే పట్టుదలతో ఇంకా పరుగెత్తకండి, హీమోగ్లోబిన్ చూపించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూస్తారు. 12 గ్రాములకి తక్కువుంటే రక్తహీనతే. 10 కన్నా దిగువుంటే మందులు వాడి మళ్ళీ పరీక్ష చేయించేదాకా నడకే చేయండి. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోండి. టీకి, మాత్రకి మధ్య గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి.

రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశంలో వచ్చే జబ్బు) కూడా ఉంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే మీరూ పరీక్ష చేయించుకోండి. జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా పరుగెత్తకూడదు. జబ్బు లేకుండా, తల్లి నుంచో తండ్రి నుంచో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ళు (సికిల్ ట్రెయిట్) పరుగెత్తొచ్చు, కానీ నీళ్ళు తాగకుండా, ఎండలో, ఊపిరాడనంత వేగంగా వెళ్తే ప్రమాదం.

పన్నెండు వారాల లెక్క

అరగంట ఎప్పుడూ అరగంటగానే ఉంటుంది. అందులో పరుగు వాటా పెరుగుతుంది, నడక వాటా తగ్గుతుంది. ప్రతి రోజూ మొదట 5 నిమిషాలు, చివర 5 నిమిషాలు నడక. మధ్యలో సుమారు 20 నిమిషాలు ఇలా:

1, 2 వారాలు: చురుకైన నడకే.
3, 4 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 7 సార్లు.
5, 6 వారాలు: 2 నిమిషాలు పరుగు, 2 నడక, 5 సార్లు.
7వ వారం: 3 పరుగు, 2 నడక, 4 సార్లు.
8వ వారం: 5 పరుగు, 2 నడక, 3 సార్లు.
9వ వారం: 8 పరుగు, 2 నడక, 2 సార్లు.
10వ వారం: 10 పరుగు, 1 నడక, మళ్ళీ 10 పరుగు.
11, 12 వారాలు: 20 నిమిషాలు ఆగకుండా.

వేగం ఎంతుండాలన్నది మాటతో కొలవండి. పరుగెత్తుతూ "నిన్న రాత్రి పప్పు నానబెట్టడం మర్చిపోయాను" అని ఒక్క ఊపిరిలో అనగలగాలి. మధ్యలో తెగితే వేగం ఎక్కువైనట్టు. నడక కన్నా కాస్తే ముందున్నా అది పరుగే. అడుగు చిన్నదిగా వేయండి, పాదం ఒంటి కిందే పడాలి. కాలు ముందుకి చాచి మడమ గుద్దితే మోకాలికి, ముంగాలి ఎముకకి దెబ్బ. రెండు రోజులు వరసగా పరుగెత్తకండి, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం ఉంచండి.

బట్టలు, బూట్లు, మెట్టెలు

పంజాబీ డ్రెస్సులోనే పరుగెత్తొచ్చు. ఘేర్ ఎక్కువున్న సల్వారు కాళ్ళకి చుట్టుకుంటుంది, బిగుతు లెగ్గింగు మేలు. చున్నీ భుజం మీంచి ఏటవాలుగా తెచ్చి నడుం దగ్గర గట్టిగా ముడేయండి. స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి. పాలిచ్చే తల్లులు బయల్దేరే ముందు బిడ్డకి పాలు పట్టాలి. రొమ్ముల బరువు తగ్గుతుంది, పాలు కారడమూ తగ్గుతుంది. నల్లపూసలు, పుస్తెలతాడు బ్రా లోపలికి పెట్టి పిన్నీసుతో పట్టించండి. లేకపోతే మెడ మీద గీరుకుపోతుంది.

మెట్టెల సంగతి ఎవరూ చెప్పరు. బూటు ముందు భాగం ఇరుకైతే మెట్టె పక్క వేలికి ఒత్తుకుంటుంది. చెమటకి అక్కడి చర్మం నాని, మూడో రోజుకల్లా పొక్కు లేస్తుంది. తీయడం ఇష్టం లేకపోతే సన్నగా, చదునుగా ఉన్న మెట్టెలు పెట్టుకోండి. వేలికీ మెట్టెకీ కలిపి మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టరు ఒక్క చుట్టు చుట్టండి. పట్టీలైతే తీసేయడమే మేలు.

కాన్పు తర్వాత పాదం అర సైజు పెరగడం మామూలు. పెళ్ళికి ముందు సైజు గుర్తుపెట్టుకుని కొనకండి. సాయంత్రం పాదం ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి. నిలబడితే పొడవైన వేలికీ బూటు కొసకీ మధ్య బొటనవేలి వెడల్పు సందు ఉండాలి. పరుగుకని అమ్మే జత అయితే చాలు, ఖరీదైనదే కానక్కర్లేదు. 500 నుంచి 800 కిలోమీటర్లకి లోపలి మెత్త చచ్చిపోతుంది, పైకి కొత్తగా కనబడినా సరే. వానాకాలంలో తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. ఎండలో పెడితే జిగురు ఊడిపోతుంది.

ఎక్కడ

హైవే మీద వద్దు. వీధిలో పరుగెత్తాల్సి వస్తే కుడి పక్కన, ఎదురుగా వచ్చే బళ్ళు కనబడేలా వెళ్ళండి. కాలేజీ మైదానం, స్టేడియం, కాలనీ లోపలి రోడ్లు మేలు. గోపాలపూర్ తీరంలో తడి ఇసుక గట్టిగా బావుంటుంది, కానీ తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే దిక్కున వెళ్తే ఒక మోకాలి మీదే భారం పడుతుంది. అందుకని సగం దూరం వెళ్ళి వెనక్కి రండి. కోరాపుట్ 800 మీటర్ల పైన ఉన్న ఊరు, ఎగుడుదిగుడు రోడ్లు. ఎగువకి నడవండి, చదునులో పరుగెత్తండి, దిగువకి అడుగులు మరీ చిన్నవి చేయండి. మోకాళ్ళ మీద ఎక్కువ భారం పడేది దిగేటప్పుడే.

ఇంట్లో చూసేవాళ్ళు లేని రోజు మేడ ఉంది. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు మేడ చుట్టూ ఒక చుట్టు 32 మీటర్లు, 31 చుట్లయితే దాదాపు కిలోమీటరు. ఐదు నిమిషాలకోసారి దిక్కు మార్చాలి. పిట్టగోడ లేని మేడ మీద పిల్లల్ని పెట్టుకుని పరుగెత్తకండి.

కుక్కలు వెంటబడితే పరుగు ఆపి నడవండి. కళ్ళలోకి చూడకుండా, వీపు తిప్పకుండా పక్కకి తప్పుకోండి. కరిస్తే సబ్బు, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం పెట్టకూడదు. ఫోనులో 112 సిద్ధంగా ఉంచుకోండి. వెళ్ళే దారి ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి.

తిండి, నీళ్ళు

లేవగానే గ్లాసు నీళ్ళు, సగం అరటిపండు. వచ్చాక చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలుపుకుని తాగితే చెమటలో పోయింది చాలావరకు తిరిగొస్తుంది. తరవాణి (పులిసిన గంజి నీళ్ళు) కూడా మంచిదే. ఎండాకాలం చెమట బాగా పోసి తల నొప్పెడితే ఓఆర్‌ఎస్ పొట్లం దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలుపుకోండి; పెద్ద పొట్లమైతే లీటరు నీళ్ళలో, గ్లాసు నీళ్ళలో కాదు. పాలిచ్చేవాళ్ళు తిండి తగ్గించి పరుగెత్తకూడదు, పాలు తగ్గొచ్చు.

నొప్పులు, ఆగిపోవడాలు

పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చినట్టుంటే వారం పరుగు ఆపండి. చల్లటి నీళ్ళ సీసాని పాదం కింద 5 నిమిషాలు దొర్లించండి, గచ్చు మీద ఉత్త కాళ్ళతో నిలబడి వంట చేయకండి. ముంగాలి ఎముక వెంట నొప్పి ఎక్కువ దూరం, గట్టి రోడ్డు, అరిగిన బూట్ల వల్ల వస్తుంది. పట్టికలో రెండు మూడు వారాలు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టండి. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే భరించలేని నొప్పి ఉంటే డాక్టరుకి చూపించాలి. డొక్కలో పోటు వస్తే నడుస్తూ ఊపిరి మెల్లగా పూర్తిగా వదలండి. ఛాతీలో నొప్పి, కళ్ళు చీకట్లు కమ్మడం ఉంటే ఆ రోజు అక్కడితో ఆపేసి వైద్యం చేయించుకోండి.

పిల్లకి జ్వరం, చుట్టాలు, పరీక్షలు, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వారం తప్పితే ఆగిన వారాన్నే మళ్ళీ చేయండి. రెండు వారాలు తప్పితే పట్టికలో ఒక వరస వెనక్కి. నెల దాటితే మూడో వారం నుంచి. మీకే మలేరియా లాంటి జ్వరం వచ్చి తగ్గితే ఆకలి, నిద్ర కుదుటపడేదాకా నడక మాత్రమే. తప్పిన రోజుల పరుగు ఆదివారం కలిపి తీర్చేద్దామని గంటసేపు పరుగెత్తకండి. చాలామందికి మొదటి నొప్పి వచ్చేది ఆ ఆదివారమే.