బొమ్మలేసుకుంటూనే ఎడ్యుకేషన్ లోన్ తీర్చేదెలా

బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అయిపోయింది, లోన్ ఉంది, నెలజీతం లేదు, అలాంటోళ్లకే ఇది. ముందు బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తీసుకుని అసలెంతో వడ్డీ ఎంతో చూడండి, చదివేటప్పుడూ ఆ తర్వాత మామూలుగా ఇచ్చే ఏడాది గడువులోనూ వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది, అందుకే వీలైతే ఆ టైంలో వడ్డీ అయినా కట్టేయండి.

పెళ్లిళ్ల సీజన్లో పోర్ట్రెయిట్లు, లైవ్ పెయింటింగ్ ఆర్డర్లు వస్తాయి, మూఢం వచ్చిందా ఫోనే మోగదు, కాబట్టి డబ్బు పడగానే మూడు ఈఎంఐలు వేరే అకౌంట్లోకి నెట్టేయండి, కొత్త రంగులూ కాన్వాసులూ తర్వాత చూసుకోవచ్చు. సగం అడ్వాన్స్ ఫోన్‌పేలో పడందే పెన్సిల్ ముట్టుకోవద్దు (చుట్టాలైతే మరీనూ).

ఫ్లోటింగ్ రేటు (వడ్డీ రేటు మధ్యలో మారుతుండే) లోన్ అయితే ముందే కట్టినా పెనాల్టీ ఉండదు. పాత ట్యాక్స్ పద్ధతిలో రిటర్న్ వేస్తే కట్టిన వడ్డీకి 8 ఏళ్ల దాకా మినహాయింపు.