దెబ్బ తగిలిన పాలపిట్ట దొరికితే ఏం చేయాలి?

మహారాష్ట్రలోని మా సిరోంచ నుంచి ఆలపల్లి వెళ్లే రోడ్డు మీద పొద్దున్నే బండి మీద పోతుంటే కరెంటు తీగల మీద పాలపిట్టలు కనిపిస్తూనే ఉంటాయి. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టే, ఎగిరితే గానీ ఆ నీలం బయటపడదు. మరాఠీ వాళ్లు నీలపంఖ్ అంటారు. దసరా నాడు దాన్ని చూసి దండం పెట్టుకుంటే గానీ మన ఇళ్లలో పండగ పూర్తికాదు. ప్రాణహిత నది దాటితే తెలంగాణకు అది రాష్ట్ర పక్షి.

నాకు దెబ్బలతో దొరికిన పాలపిట్టలన్నీ రోడ్డు పక్కనే దొరికాయి. దాని వేట పద్ధతే అలాంటిది. తీగ మీద కదలకుండా కూర్చుంటుంది, కింద పురుగు కదిలితే ఒక్కసారిగా దిగుతుంది. పురుగు తారు రోడ్డు మీద ఉంటే అక్కడికే దిగుతుంది. ఆ క్షణంలో వచ్చే వ్యాను దానికి కనిపించదు, వ్యాను నడిపేవాడికి అది కనిపించదు.

మొదటిసారి దొరికిన పిట్టను నేనే చంపుకున్నాను. నోరు తెరిచి ఆయాసపడుతుంటే దాహమేమో అనుకున్నాను. పక్క చేనులో ఉన్న పెద్దాయన కూడా "నీళ్లు తాపు బిడ్డా" అన్నాడు. సీసా మూతతో నోట్లో పోశాను. రెండు నిమిషాల్లో చేతిలోనే ప్రాణం పోయింది. ఆ తర్వాత పశువుల డాక్టరు గారు వివరంగా చెబితే గానీ నేనేం చేశానో అర్థం కాలేదు. అందుకే దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆగి చూడండి

కనిపించిన ప్రతి పిట్టా, ప్రతి పిల్లా ఆపదలో ఉన్నట్టు కాదు. మార్చి నుంచి జూన్ దాకా పాలపిట్టలు ఎండిన తాటిమానుల తొర్రల్లో, పాత చెట్ల బొరియల్లో పిల్లలు పెడతాయి. ఒంటి నిండా ఈకలు వచ్చి, ఎగరడం ఇంకా సరిగా రాక కింద గెంతుతున్న పిల్ల అయితే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లీతండ్రీ దగ్గర్లోనే ఉంటాయి. కుక్కా పిల్లీ అందుకోకుండా పక్కనున్న కొమ్మ మీద పెట్టి దూరంగా వచ్చేయండి. ఈకలు రాని పిల్ల అయితే, తొర్ర అందితే తిరిగి అందులోనే పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని అంటారు. పక్షుల విషయంలో అది నిజం కాదు.

దుప్పి పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. ఇప్పపువ్వు ఏరడానికో, తునికాకు కోయడానికో పోయినప్పుడు గడ్డిలో ముడుచుకుని కదలకుండా పడుకున్న పిల్ల కనిపిస్తే "పాపం, తల్లి వదిలేసింది" అని ఎత్తుకొచ్చేస్తారు. తల్లి వదిలేయలేదు. పులికో, నక్కకో జాడ దొరకకుండా పిల్లను దాచిపెట్టి తాను మేతకు పోయింది. కుందేలు కూడా అంతే, పిల్లలను గడ్డిలో వదిలి ఎప్పుడో ఒకసారి పాలివ్వడానికి వస్తుంది. ఒంటి మీద గాయం, రక్తం, ఈగలు ముసరడం, పక్కన చనిపోయిన తల్లి, ఇవేవీ లేకపోతే ముట్టుకోకండి. మనం అక్కడే నిలబడి ఉంటే తల్లి రాదు కాబట్టి దూరం వెళ్లి చూడండి.

పులి, చిరుత, ఎలుగు, అడవిపంది పిల్లలు కనిపిస్తే చూడటం కూడా వద్దు. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడవండి. గబ్బిలాన్ని, కోతిని, నక్కను ఉత్త చేతులతో పట్టుకోవద్దు. ఏ జంతువు కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి దవాఖానాకు వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. ఒకేచోట చాలా పిట్టలు చచ్చి పడి ఉంటే వాటినీ ముట్టుకోకుండా ఫారెస్టు వాళ్లకు చెప్పండి.

పట్టుకోవడం

పెద్ద పాలపిట్ట రోడ్డు పక్కన కూర్చుని మీరు దగ్గరికి వెళ్లినా ఎగరకపోతే, ఒక రెక్క రెండోదాని కన్నా కిందికి వేలాడుతుంటే, తల ఒక పక్కకు వాలిపోతుంటే దానికి సాయం కావాలి. ముందు మీ బండిని రోడ్డు మీద నుంచి పక్కకు తీయండి. తొందరలో చాలామంది ఇది మర్చిపోతారు.

తువ్వాలో, కండువానో దాని మీద మెల్లగా వేయండి. తల కప్పేస్తే సగం భయం అక్కడే తగ్గుతుంది. రెండు రెక్కలనూ ఒంటికి ఆనించి రెండు చేతులతో ఎత్తండి. రొమ్మును మాత్రం గట్టిగా అదమవద్దు. మనకు ఊపిరి ఆడించే ఉదరవితానం అనే పొర ఒకటి ఉంటుంది, పక్షులకు అది లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. ప్రేమతో గట్టిగా పట్టుకున్నా ఊపిరాడక చనిపోతుంది.

పెట్టె, చీకటి, నిశ్శబ్దం

చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్ద అట్టపెట్టె చాలు. పక్కలకు పెన్నుతో చిల్లులు పొడవండి, అడుగున పాత నూలుచీర ముక్క మడిచి వేయండి. పోగులు లేచిన గుడ్డ వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి. ఇనుప పంజరం అసలు వద్దు. బెదిరి కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటుంది. ఆ ఈకలు మళ్లీ రావడానికి నెలలు పడుతుంది, అవి లేకుండా అడవిలో బతకలేదు.

మూత వేసి ఇంట్లో ఎవరూ తిరగని మూల పెట్టండి. టీవీ ఉన్న గది వద్దు. పిల్లలు చూస్తామని ఏడ్చినా మూత తీయకండి. తలకు దెబ్బ తగిలిన పిట్టకు మొదటి రెండు మూడు గంటల చీకటే మందు. కొన్ని ఆ కాస్త విశ్రాంతితోనే తేరుకుంటాయి. చలికాలం రాత్రయితే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన మాత్రమే పెట్టండి, వేడి ఎక్కువైతే అది రెండో పక్కకు జరుగుతుంది. మే నెలలో మన దగ్గరి ఎండలకు మాత్రం చల్లటి నీడ చూడండి. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వద్దు.

నోట్లో ఏమీ పోయకండి

ఇది పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి పెట్టాలని ఉంటుంది నాకు. పక్షి నోరు తెరిస్తే నాలుక మొదట్లోనే ఒక రంధ్రం కనిపిస్తుంది. అది ఊపిరి దారి. మనం పోసిన నీళ్లు నేరుగా అందులోకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నా చేతిలో జరిగింది అదే. పాలు అసలే వద్దు, పక్షులు పాలు అరిగించుకోలేవు. అన్నం, రొట్టె, బిస్కెట్ కూడా వద్దు. మొదటి కొన్ని గంటలు ఆకలితో ఉన్నా ఏం కాదు.

గాయానికి నూనె, వెన్న, జండూబామ్ లాంటివి రాయకండి. ఈకలు అతుక్కుపోతే ఒంటి వేడి నిలవదు. మనం వేసుకునే నొప్పి మాత్ర నూరి పెట్టే ఆలోచన కూడా రానివ్వకండి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఎంత పని చేసిందో తెలిసిందే. ఆ మందు వేశాక చనిపోయిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై వేలకు వేలు చనిపోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

పిల్లి నోట్లో నుంచి విడిపించిన పిట్ట అయితే, గాయం సూదిమొనంత ఉన్నా డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పండి. పిల్లి లాలాజలంలో ఉండే బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో పిట్టను చంపేస్తుంది. అదే రోజు యాంటీబయాటిక్ పడాలి.

ఫోను చేయండి

మహారాష్ట్రలో అటవీ శాఖ హెల్ప్‌లైన్ 1926. తెలిసిన గార్డు ఉంటే నేరుగా ఆయనకే చెప్పండి. మన దగ్గర చాలామందికి దీనికే భయం, కేసు పెడతారేమోనని టెన్షన్. నిజానికి చెప్పకపోతేనే ఇబ్బంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. అది మీ చేతికి వస్తే 48 గంటల్లోగా ఫారెస్టు అధికారికో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో చెప్పాలి. చెప్పాక పంచనామా మరాఠీలో రాస్తారు. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడిగి సంతకం పెట్టండి. దొరికిన చోటు కచ్చితంగా రాయించండి, ఊరి పేరు, కిలోమీటరు రాయి, పక్కన ఎవరి చేను అనేదాకా. తర్వాత వదిలేది అక్కడే.

రెక్క విరిగిందా, కీలు తప్పిందా చూడాల్సింది డాక్టరే. పశువుల దవాఖానాలో పిట్టలు అరుదుగా వస్తాయి కాబట్టి అవసరమైతే వాళ్లే పైవాళ్లను ఫోన్లో సంప్రదిస్తారు. పెద్ద గాయమైతే నాగపూర్ సెమినరీ హిల్స్‌లో అడవి జంతువులకు వైద్యం చేసే ట్రాన్సిట్ ట్రీట్‌మెంట్ సెంటర్ లాంటి చోటికి పంపాల్సి వస్తుంది. సిరోంచ నుంచి అది చాలా దూరం. ఆ ప్రయాణానికి పిట్ట తట్టుకుంటుందా లేదా అన్నది కూడా డాక్టరు చూసే తేలుస్తారు.

వాళ్లు మీ దగ్గరే ఉంచమంటే

రెండో పాలపిట్ట నాకు మిరపకాయలు ఏరే రోజుల్లో దొరికింది. ఎముక విరగలేదు, భుజం దగ్గర కమిలింది. డాక్టరు గారు రెక్కను ఒంటికి ఆనించి మెత్తటి కట్టు కట్టారు. గార్డన్న రాతపని పూర్తి చేసి, రోజూ వచ్చి చూస్తానని మా ఇంట్లోనే ఉంచాడు. అనుమతి లేకుండా ఇలా ఉంచుకోకూడదు.

పాలపిట్టకు కావాల్సింది మిడతలు, చిమ్మెటలు, పేడపురుగులు, అప్పుడప్పుడు చిన్న బల్లి. ఇక్కడ మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. మిరప చేలోనో, పత్తి చేలోనో పట్టిన మిడతను పెట్టకండి. ఆ చేలకు ఎన్నిసార్లు మందు కొడతామో మనకే తెలుసు. మిడత బతికే ఉన్నా ఒంట్లో విషం ఉంటుంది. నేను ప్రాణహిత ఒడ్డున, చేలకు దూరంగా ఉన్న గడ్డిలో వలసంచీతో పట్టేవాణ్ని. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అదే పని.

కాళ్లు తీసేసిన మిడతను చిమటాతో (పట్టకారుతో) పట్టుకుని ముక్కు ముందు ఆడిస్తే మూడో రోజుకు అందుకుంది. తేమంతా పురుగులోనే ఉంటుంది, నీళ్లు వెడల్పాటి మూతలో పెట్టి వదిలేయాలి. నాలుగో రోజు పొద్దున పెట్టెలో నల్లటి ఉండ ఒకటి కనిపించి భయపడ్డాను. పురుగుల పెంకులు అరగక అలా ఉండ చేసి కక్కుతుందట, అది ఆరోగ్యానికి గుర్తే. బంగారం తూచే చిన్న కాటా దొరికితే రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. పావుకిలో కూడా లేని పిట్ట, పది గ్రాములు తగ్గినా చిన్న విషయం కాదు.

దానితో మాట్లాడకండి. పేరు పెట్టకండి. భుజం మీద కూర్చోబెట్టుకుని ఫోటోలు తీయకండి. ఇది నాకు చాలా కష్టమైంది, ఎందుకంటే పన్నెండో రోజుకల్లా మూత తీస్తే అదే నోరు తెరిచేది. కానీ మనిషిని చూసి భయపడని పాలపిట్ట ఊళ్లో ఎక్కువ రోజులు బతకదు. దసరా ముందు పట్టి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లు ఉన్నారు. అలా పట్టడం నేరం. కాళ్లు కట్టి, రెక్కలు అతికించి తిప్పిన పిట్టలు పండగ దాటాక ఎలా ఉంటాయో ఒక్కసారి చూసినవాళ్లెవరూ వాటికి డబ్బులివ్వరు. మనింట్లో కోలుకున్నది ఆ చేతుల్లో పడకూడదంటే అది మనల్ని చూసి బెదరాలి. అందుకే కట్టు విప్పాక నేను గది బయట నుంచే పురుగులు వదిలేవాణ్ని.

వదిలేటప్పుడు

కట్టు విప్పిన రోజే వదలకూడదు. ఖాళీ గదిలో కిటికీలకు గుడ్డ కట్టి ఎగరనివ్వండి. ఒక పక్కకు ఒరగకుండా ఎగురుతోందా, గోడ దగ్గర మలుపు తిరుగుతోందా, నేల మీద వదిలిన బతికున్న మిడతను దిగి పట్టి మళ్లీ ఎత్తుకు ఎక్కుతోందా చూడండి. మూడూ వస్తేనే గార్డుకు చెప్పండి.

ఎండ ఉన్న పొద్దుట, గాలివాన లేని రోజు, దొరికిన చోటికే తీసుకెళ్లండి. అయితే రోడ్డు అంచున కాకుండా చేల లోపలికి కాస్త నడవండి. పెట్టెను నేల మీద పెట్టి మూత తీసి పక్కకు జరగండి, చేత్తో గాల్లోకి విసరవద్దు. మాది పది నిమిషాలు పెట్టెలోనే కూర్చుంది, తర్వాత ఒక్క ఊపులో లేచి దూరంగా ఉన్న తాటిచెట్టు మీద వాలింది. విడిచిన తేదీ, చోటు గార్డన్న అక్కడే పుస్తకంలో రాసుకున్నాడు. మీరూ అది రాయించుకోవడం మర్చిపోకండి, దాంతోనే మీ పేరు మీదున్న కాగితం పూర్తవుతుంది.