పాత మోటార్‌సైకిల్, పేరు మారని ఆర్‌సీ: ఎక్కడ తెగిందో పట్టుకుని సరిచేయడం ఎలా?

జావా, యెజ్డీ, రాజ్‌దూత్, పాత బుల్లెట్... ఏ బండి ఇంజిన్ పట్టేసినా విప్పి బాగుచేసే చేతులు ఇంకా ఉన్నాయి. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, అయినా యెజ్డీకి పిస్టన్ దొరుకుతోంది. కాగితాలు పట్టేస్తేనే కష్టం. నేను కొన్న మొదటి యెజ్డీకి ఇంజిన్ పని మూడు వారాల్లో అయిపోయింది. ఆర్‌సీ నా పేరు మీదికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆర్టీఓ ఆఫీసులో "అవ్వదు" అన్న ప్రతిసారీ నేను ఇంకో ఫారం నింపుకుని వెళ్లేవాడిని. తప్పు అక్కడే ఉంది. బండి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్తే, ఎక్కడో ఒకచోట కాగితం ఆగిపోయి బండి మాత్రం ముందుకొచ్చేసి ఉంటుంది. ఆ చోటికే వెళ్లి సరిచేయాలి. ఇటు చివర ఎన్ని సంతకాలు పెట్టినా ఉపయోగం లేదు.

ముందుగా చేయాల్సిన పని: పెన్సిల్ ప్రింట్

ఏ సమస్య అయినా ఇక్కడే మొదలుపెట్టండి. చాసిస్ నంబర్ సాధారణంగా హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ దగ్గర పంచ్ చేసి ఉంటుంది. ఇంజిన్ నంబర్ క్రాంక్ కేస్ మీద ఉంటుంది. గుడ్డను కిరోసిన్‌లో తడిపి జిడ్డు తుడవండి. ఎమ్రీ పేపర్ మాత్రం పెట్టొద్దు, నంబర్ చుట్టూ గీతలు పడితే రేపు బండిని తనిఖీ చేసే ఎంవీఐకి (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) అనుమానం వస్తుంది. పల్చటి తెల్లకాగితం ఆనించి, పెన్సిల్ మొనను పడుకోబెట్టి మెల్లగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటీ తెల్లగా తేలతాయి. ఆ కాగితాన్ని సీ బుక్ (పుస్తకం రూపంలోని పాత ఆర్‌సీ) పక్కన పెట్టి ఒక్కో అంకె గట్టిగా చదువుకోండి. ఈ పని అడ్వాన్స్ ఇవ్వకముందే చేయాలి. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే అక్కడే ఆగిపోండి.

తర్వాత ఆ నంబర్లతో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వారి డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో వాహన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీయండి. దొంగతనం కేసుల రికార్డులో ఆ బండి ఉందో లేదో అందులో తెలుస్తుంది. ఆ ప్రింటు దాచుకోండి.

సమస్య: ఒక్క అంకె తేడా

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పాత సీ బుక్కులు చేత్తో రాసినవి. ఇన్‌వాయిస్ నుంచి రిజిస్టర్‌లోకి, అక్కడి నుంచి బుక్కులోకి, బుక్కు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. నా బండిలో 'బి' అక్షరం 8 అయి కూర్చుంది.

పరిష్కారం: బండి మొదట రిజిస్టర్ అయిన ఆఫీసులో బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్‌కు, అంటే ఆఫీసు రిజిస్టర్‌లో ఆ బండి ఎంట్రీ నకలుకు, దరఖాస్తు పెట్టండి. అసలు ఎంట్రీ అందులో ఉంటుంది. పాత ఇన్సూరెన్స్ కాగితం, కొన్నప్పటి ఇన్‌వాయిస్ ఏది దొరికినా జత చేయండి. ఎంవీఐ బండిని చూసి పెన్సిల్ ప్రింట్ తీసుకుంటారు, ఆ తర్వాత రికార్డు దిద్దుతారు. ఇది భయపడాల్సిన సమస్య కాదు, టెన్షన్ అక్కర్లేదు. కాకపోతే పేరు మార్చే దరఖాస్తు పెట్టకముందే దిద్దించుకోండి. రెండూ కలిపి పెడితే రెండూ ఆగుతాయి.

సమస్య: చాసిస్ కలిసింది, ఇంజిన్ నంబర్ అసలు కలవలేదు

ఎప్పుడో ఇంజిన్ మార్చారు, ఎవరికీ చెప్పలేదు. పాత బండ్లలో ఇది మామూలే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియాలి, ఆర్‌సీలో ఎక్కాలి. ఇక్కడ చిక్కు మార్పు ఎక్కించడంలో లేదు, ఆ ఇంజిన్ ఏ బండిదో చూపించడంలో ఉంది. కొన్న రసీదు, అది వచ్చిన బండి ఆర్‌సీ నకలు, ఆ బండి యజమాని అమ్మినట్టు రాసిచ్చిన కాగితం కావాలి. ఇవేవీ లేవంటే ఆ ఇంజిన్ నంబర్‌కు విడిగా ఎన్‌సీఆర్‌బీ చెక్ చేయించండి. కొనే ముందే ఇది తేలితే, కాగితం ఉన్న ఇంజిన్ వేసి ఆర్‌సీలో ఎక్కించి అమ్మమని అడగండి.

సమస్య: చాసిస్ నంబర్ చెరిగిపోయింది, లేదా మరీ కొత్తగా కనిపిస్తోంది

నలభై ఏళ్ల ఫ్రేమ్ మీద అంకెలు నిన్న కొట్టినట్టు ఉన్నా, వరుస వంకరపోయినా, చుట్టూ లోహం పల్లంగా తగిలినా అనుమానించాల్సిందే. వేలితో తడిమితే ఆ పల్లం తెలుస్తుంది. పంచ్ కొట్టినప్పుడు అంకె అడుగున ఉక్కు నొక్కుకుపోతుంది. పైపైన గ్రైండ్ చేసినా లోపలి ఆ నొక్కుడు మిగిలే ఉంటుంది, ఫోరెన్సిక్ ల్యాబులో యాసిడ్ పూసి పాత నంబర్‌ను పైకి తెప్పిస్తారు. కాబట్టి "ఎవరికి తెలుస్తుంది అన్నా" అనే మాట నమ్మొద్దు.

ఇలాంటి బండి ఎంత చవకైనా వద్దు. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. ఇప్పటికే కొనేసి ఉంటే దాచిపెట్టకుండా మీరే లాయర్‌ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లండి. నిజంగా తుప్పు తినేసిన నంబరైతే అది వేరే సంగతి. పాత రికార్డులు చూపించి ఎంవీఐ తనిఖీకి పెట్టండి. వాళ్ల రాతపూర్వక అనుమతితోనే మళ్లీ పంచ్ చేయించాలి. షెడ్డులో మీరే కొట్టించుకుంటే నిజమైన బండి కూడా దొంగ బండి అయిపోతుంది.

సమస్య: అమ్మేది ఒకరు, ఆర్‌సీలో పేరు ఇంకొకరిది

పాత బండ్లలో పదింట ఏడెనిమిది చిక్కులు ఇక్కడే మొదలవుతాయని నా అనుభవం. ఆర్‌సీలో ఉన్నాయన ఒకరికి అమ్మాడు, ఆ ఒకరు ఇంకొకరికి ఇచ్చాడు, ఎవరూ పేరు మార్చుకోలేదు. చేతిలో ఉన్నది సంతకం పెట్టి మిగతా గళ్లు ఖాళీగా వదిలేసిన ఫారం 29 (బండి అమ్మినట్టు తెలిపేది), ఫారం 30 (పేరు మార్చమని కోరేది). వాటితో పని అయిపోతుందని బ్రోకర్లు చెబుతారు.

నాకూ అలాగే చెప్పారు. "ఓనర్ గారు ఊళ్లో లేరు, సంతకాలు పెట్టేసి వెళ్లారు" అన్నారు. ఆఫీసులో పాత ఓనర్ రావాలన్నారు. చివరికి సీ బుక్‌లో ఉన్న చిరునామా పట్టుకుని వెళ్లాను. తలుపు తీసిన పెద్దావిడ నా మాటలు విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "బాబూ, ఆయన పోయి తొమ్మిదేళ్లయింది" అంది. నా చేతిలో ఉన్న ఫారం మీద సంతకం పెట్టిన తేదీ అంతకు ముందు నెలది.

బాగుచేయమని షెడ్డులో ఇచ్చిన బండి అది. ఆయనకు ఒంట్లో బాగోక ఎవరూ తెచ్చుకోలేదు, ఎవరో అమ్మేశారు. ఆవిడ లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చింది. 1984 నాటి ఇన్‌వాయిస్, ట్యాక్స్ రసీదులు, ఎర్ర దారం కట్టిన రెండో తాళంచెవి. నేను షెడ్డులో ఇచ్చిన డబ్బు ఆవిడకు చేరలేదు, అందుకే ఆవిడకు ఇవ్వాల్సింది విడిగా ఇచ్చాను. అది ఆవిడకు న్యాయంగా రావాల్సిందే. ఆ ఖాళీ ఫారాలు వాడి ఉంటే నా పేరు మీద ఫోర్జరీ కేసు ఉండేది.

పరిష్కారం ఇలా. పాత ఓనర్ బతికే ఉంటే మధ్యవాళ్లను వదిలేసి ఆయన దగ్గరికే వెళ్లండి. కొత్త ఫారం 29, 30 మీ ఎదురుగా నింపి, తేదీ వేసి, నేరుగా మీ పేరు మీదికి సంతకం చేయమని అడగండి. మధ్యలో చేతులు మారిన వాళ్ల దగ్గర అమ్మకం రసీదులు రాయించుకుని ఫైల్లో పెట్టుకోండి. పాత ఓనర్లు చాలామంది భయపడతారు, మనం వచ్చింది ఏ కేసు గురించో అనుకుంటారు. వాళ్లకు ఒక్క మాట చెప్పండి: పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో ఓనర్ వాళ్లే. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనర్‌దేనని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారితే మనకంటే ముందు తేలికపడేది వాళ్లే.

ఓనర్ ఆచూకీ దొరక్కపోతే దారి పొడవు. ఆర్‌సీ చిరునామాకు అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. తిరిగొచ్చిన కవరును విప్పకుండా అలాగే దాచండి, మీరు వెతికారనడానికి అదే సాక్ష్యం. పేపర్ ప్రకటన, నోటరీ అఫిడవిట్ జత చేసి అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. అయినా కాదంటే సివిల్ కోర్టులో యాజమాన్య హక్కు డిక్లరేషన్ కోరుతూ దావా వేయాలి. ఏళ్లు పట్టొచ్చు. అంత విలువ ఆ బండికి మీ మనసులో ఉందో లేదో ముందే తేల్చుకోండి.

సమస్య: ఆర్‌సీ ఓనర్ చనిపోయారు

ఫారం 29, 30తో పని కాదు. ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మారాలి, ఆ తర్వాతే మీకు. మరణ ధ్రువీకరణ పత్రం, లీగల్ హెయిర్ లేదా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులందరి నుంచి అభ్యంతరం లేదనే అఫిడవిట్లు కావాలి. "అందరి" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. నా విషయంలో పెళ్లయి వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి సంతకం కోసమే రెండు నెలలు ఆగాను. ఖర్చులు మీరే పెట్టుకోండి, తిప్పలు కూడా మీరే పడండి. అవతల ఉన్నది మనిషిని పోగొట్టుకున్న ఇల్లు.

సమస్య: ఆర్‌సీలో ఇంకా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది

వాయిదాలు ఎప్పుడో తీరిపోయాయి, ఆర్‌సీలో అప్పు ఉన్నట్టు రాసే హెచ్‌పీ ఎంట్రీ మాత్రం ఎవరూ తీయించలేదు. కంపెనీ ఉంటే ఎన్‌ఓసీతో పాటు వాళ్లు సంతకం చేసిన ఫారం 35 (అప్పు తీరిందని తెలిపేది) తెచ్చుకుంటే చాలు. వేరే సంస్థలో కలిసిపోయి ఉంటే, కలుపుకున్న సంస్థ ఇవ్వాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే కంపెనీ నడుస్తోందా, మూతపడిందా, లిక్విడేషన్‌లో ఉందా తెలుస్తుంది. లిక్విడేషన్‌లో ఉంటే, దాని ఆస్తులూ అప్పులూ తేల్చడానికి నియమించిన లిక్విడేటర్‌కు రాయాలి. పాత ఓనర్ ఇంట్లో చివరి వాయిదా రసీదు ఉందేమో అడగండి, అది దొరికితే సగం పని అయినట్టే.

సమస్య: నంబర్ కొడితే ఆన్‌లైన్‌లో ఏమీ రావట్లేదు

బండి దొంగదని దీని అర్థం కాదు. 1989కి ముందు రిజిస్టరైన మూడక్షరాల నంబర్ బండ్ల రికార్డులు చాలా వరకు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. సీ బుక్ ఒరిజినల్‌తో మొదటి ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించడం) చేయమని దరఖాస్తు పెట్టండి. జిల్లాలు, ఆఫీసులు విడిపోయాయి కాబట్టి పాత రిజిస్టర్లు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉన్నాయో ముందు కనుక్కోండి. సీ బుక్ పోయిందంటే పోలీసుల దగ్గర పోయినట్టు ధ్రువీకరణ తీసుకుని, రిజిస్టర్డ్ ఓనర్ చేతనే ఫారం 26తో డూప్లికేట్ అడిగించాలి. మీరు అడిగితే ఇవ్వరు.

సమస్య: వేరే రాష్ట్రం బండి

ఫారం 28 మీద అక్కడి ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ లేకుండా ఇక్కడ పేరు మారదు. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, బండి వయసును బట్టి ఇక్కడి ట్యాక్స్ కట్టాలి. ఎన్‌ఓసీ అమ్మేవాళ్లే తెచ్చి ఇచ్చేలా మాట్లాడుకోండి.

సమస్య: రిజిస్ట్రేషన్ గడువు దాటింది

పదిహేనేళ్లు దాటాక ఫారం 25తో రెన్యువల్, ఎంవీఐ తనిఖీ, గ్రీన్ ట్యాక్స్. ఇరవై ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025లో 2,000 రూపాయలు చేసింది. ఆలస్య రుసుము దీనికి అదనం. ఒక్క విషయం ముందే చూసుకోండి: రిజిస్ట్రేషన్ గడువు దాటడం వేరు, రద్దు కావడం వేరు. రద్దయిన బండి అయితే కొనొద్దు.

సమస్య: మిలిటరీ వేలం బుల్లెట్, ఆర్‌సీనే లేదు

సైన్యం బండ్లకు సివిల్ ఆర్‌సీ మొదట్లో ఉండదు. సంబంధిత అధికారులు ఫారం 21లో ఇచ్చిన ఒరిజినల్ సేల్ సర్టిఫికెట్ ఉంటే ఫారం 20తో కొత్తగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. జిరాక్సు చూపించి నమ్మమంటే నమ్మొద్దు.

యాభై ఏళ్లు దాటిన బండి అయితే

2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఇంజిన్, ఫ్రేమ్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు, గడువు పదేళ్లు. పాత నంబర్ ఉంటే అదే ఉంచుకోవచ్చు, లేకపోతే 'వీఏ' సిరీస్‌లో వస్తుంది. అయితే రోజూ తిరగడానికి ఇది పనికిరాదు, ఎగ్జిబిషన్లు, ర్యాలీల లాంటి వాటికే. పేరు చిక్కు ఉన్నవాళ్లు కొందరు దీన్ని అడ్డదారి అనుకుంటున్నారు. బండి మీదేనని ఇక్కడా చూపించాల్సిందే. పాత ఆర్‌సీ బాగుండి ఆదివారం బండి నడుపుకునేవాళ్లకు మామూలు రెన్యువలే మేలు.

కొత్త ఆర్‌సీ చేతికొచ్చాక పేరు, తండ్రి పేరు, రెండు నంబర్లు మళ్లీ ఆ పెన్సిల్ ప్రింట్‌తో సరిచూసుకోండి. తప్పుంటే ఆ వారమే చెప్పండి. బండికి ఇన్సూరెన్స్ నడుస్తుంటే బదిలీ అయిన పద్నాలుగు రోజుల్లోపు అది కూడా మీ పేరు మీదికి మార్చమని కంపెనీకి రాయండి. నేను ఆర్‌సీ, పాలసీ రెండూ తీసుకుని, బండి వేసుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. గేటు దగ్గర ఇంజిన్ ఆపబోతుంటే, "ఆపకు బాబూ, కాసేపు అలాగే ఉండనీ" అంది.