పెంటకు సామూహిక అటవీ హక్కుల క్లెయిమ్ ఎట్లా వేయాలి

నల్లమలలోని అమ్రాబాద్ పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, చదువుకున్న పిల్లలు ఎక్కువగా అడిగేది వ్యక్తిగత పట్టా గురించే. పోడు చేసుకునే చెలకకు అది కావాలి, కాదనను. కానీ తేనె, గడ్డలు, బంక మీద బతికే చెంచు కుటుంబానికి ఆ ఒక్క కాగితంతో ఏమొస్తుంది? అడవి మొత్తానికి వేయాల్సింది ఫారం-సి, అంటే ఊరి సామూహిక అటవీ వనరుల హక్కు దరఖాస్తు. ముందు దాని సంగతి చూడండి.

తాతల కాలం నుంచి తిరుగుతున్న అడవికి మనం దరఖాస్తు పెట్టుకోవడమేంటని కోపం రావచ్చు, న్యాయమే. 1878లో బ్రిటిష్ వాళ్లు రిజర్వు ఫారెస్టని గీత గీసి లోపలున్నవాళ్లను పరాయివాళ్లను చేశారు, 1927 చట్టం దాన్ని ఇంకా బిగించింది. మనది అప్పట్లో నిజాం ఏలుబడి కాబట్టి ఇక్కడ చట్టం వేరుగా ఉండేది, దారి మాత్రం అదే. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే దీన్ని చారిత్రక అన్యాయమని ఒప్పుకున్నారు. అందుకే దరఖాస్తులో 'ఇప్పించగలరని ప్రార్థన' అని రాయకండి. 'మా హక్కును గుర్తించాలి' అని రాయండి.

మొదటి పని గ్రామసభ. షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే రాజ్యాంగం ప్రకారం ప్రకటించిన గిరిజన ప్రాంతంలో, పెంట కూడా గ్రామమే, సభ కోసం పంచాయతీ ఆఫీసుకు పోవాల్సిన పనిలేదు. సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. తేనె సీజన్‌లో మాత్రం పెట్టకండి, సగం ఊరు అడవిలోనే ఉంటుంది. అదే సభలో 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుని, తీర్మానం రాసి, సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి.

ఇక సాక్ష్యం. కనీసం రెండు కావాలి. పాత కాగితాలు లేవని టెన్షన్ పడొద్దు, చట్టం పెద్దల మాటను కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది, కాకపోతే క్లెయిమ్ వేసిన వాళ్లు కాకుండా వేరేవాళ్లు చెప్పాలి, కాబట్టి పక్క పెంట పెద్దను పిలవండి. ఆయనతో కలిసి హద్దు పొడుగూతా నడవండి. తేనె దింపే చరియ, ఎండాకాలం ఎండని ఊట, లింగమయ్య రాయి, పెద్దలను పూడ్చిన చోటు, ఒక్కోటి వచ్చినప్పుడు ఆయన పిలిచే పేరుతోనే రాసుకుని ఫోన్లో లొకేషన్ పట్టుకోండి. శాటిలైట్ ఫొటోలో కనబడలేదని ఎవరన్నా అంటే, అది అదనపు సాక్ష్యమే తప్ప వీటికి బదులు కాదని చెప్పండి.

కమిటీ తనిఖీకి వెళ్లే ముందు ఫారెస్టు, రెవెన్యూ వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇక్కడే చాలా క్లెయిములు పడిపోతాయి. వాళ్లు రాకుండా తర్వాత అభ్యంతరం పెడితే ఫైలు మళ్లీ గ్రామసభకే రావాలి, రెండోసారీ రాకపోతే తనిఖీ మీద సభ చెప్పిందే ఫైనల్. ఇది ఈ చట్టం నిబంధనలకు 2012లో చేసిన సవరణ, 12ఎ నిబంధన. ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి.

అమ్రాబాద్ లాంటి టైగర్ రిజర్వులో ఈ చట్టం చెల్లదనే మాట తరచూ వినబడుతుంది. తప్పు. అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా చట్టంలోనే ఉన్నాయి, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చెంచులు పీవీటీజీ (ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగ) కాబట్టి ఆవాస హక్కు, అంటే తెగ సంప్రదాయంగా బతికే ప్రాంతం మీద హక్కు, కూడా అడగొచ్చు, దానికి ఫారం-బి. దేవరకొండ వైపు తండాల వాళ్లకూ ఇదే చట్టం, 2005 డిసెంబర్ 13 నాటికి అడవి మీద ఆధారపడి ఉండాలి.

ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు గనుల విషయం గ్రామసభలకే వదిలేసింది, 12 సభలూ వద్దన్నాయి. నల్లమలలో యురేనియం తవ్వకాల గొడవ 2019లో చూశాం కదా, తీర్మానాల పుస్తకం సరిగా రాసిపెట్టుకోమని చెప్పేది అందుకే.

తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, 60 రోజుల్లోపు పై కమిటీకి పిటిషన్ వేయండి. మొత్తం ఫైలు మూడు సెట్లు జిరాక్స్ తీసి, ఒకటి క్లెయిములు పరిశీలించే సబ్‌డివిజన్ కమిటీకి, ఒకటి మన్ననూర్ ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకు) ఇచ్చి, మీ దగ్గరున్న మూడో సెట్ మీద ఇద్దరితోనూ తేదీతో సహా రసీదు ముద్ర కొట్టించుకోండి.