బుడ్డల (వేరుశెనగ) మిషన్‌కు హబ్బు వెల్డింగ్ చేయిస్తున్నారా? ముందు ఆ ఇనుమేదో చూడండి

మొన్న అనంతపురం పక్క పల్లెలో కాయలు కొట్టే మిషన్ నడుస్తుండగానే స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) ఊడి, రేకు చీల్చుకుని బయటపడింది. పక్కన గంప పట్టుకుని నిలబడ్డ ఆమెకు మోకాలి కింద ఎముక విరిగింది. ఊళ్లో అందరూ వెల్డర్‌ను తిట్టారు. ఆ ముక్క నేను చూశాను. వెల్డింగ్ పూస చెక్కుచెదరలేదు. పూస అంచు వెంబడి, హబ్బు (చక్రాన్ని షాఫ్టు మీద పట్టే మధ్య ముక్క) వైపు పగిలింది. పగుల్లో మూడొంతులు తుప్పు పట్టి నల్లగా ఉంది, ఒక వంతు మాత్రం కొత్తగా మెరుస్తా ఉంది. పోయిన సీజన్‌కు ముందు చేయించిన హబ్బు అది. చిట్లి ఎన్నాళ్లయిందో ఏమో, మొన్న ఆ మిగిలిన వంతు కూడా తెగింది.

కార్తీకం దగ్గరపడే కొద్దీ మన లేత్ షెడ్ల ముందు బుడ్డల మిషన్లు బారులు తీరతాయి. గ్రీజు, బెల్టు, బేరింగు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటుంది: గుజిరీ (పాత ఇనుము) అంగడిలో తెచ్చిన షాఫ్టు ముక్కకు బోరు కొట్టించి హబ్బుగా వెల్డింగ్ చేయించొద్దు.

ఎందుకంటే షాఫ్టులకు మనవైపు ఎక్కువగా వాడేది ఈఎన్-8 అనే రకం ఉక్కు. దాంట్లో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటుంది, మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు, మెత్త ఇనుము)లో దాదాపు సగమే. లేత్ మీద నున్నగా తెగుతుంది, చూడ్డానికి గట్టిగా ఉంటుంది. "గట్టి ఇనుమే కదన్నా, ఏం కాదులే" అంటారు. ఆ గట్టిదనమే కొంప ముంచేది. వెల్డింగ్ వేడికి ఎర్రబడ్డ చోటి నుంచి పక్కనున్న చల్లటి ఇనుము వేడిని ఒక్కసారిగా లాగేస్తుంది, పూస పక్క పట్టీ గాజులా పెళుసెక్కుతుంది. రాడ్డులో తేమ ఉంటే మరీ ఘోరం. షెడ్డులో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు, చిట్లుతుంది. ఇంకా గట్టి రకం ఈఎన్-24 ముక్క అయితే ఇంకా తొందరగా.

బలం ఎంత పడుతుందో ఒక లెక్క చూడండి. 35 హెచ్‌పీ ట్రాక్టర్, దాని పీటీఓ (మిషన్‌ను తిప్పే వెనక షాఫ్టు) నిమిషానికి 540 చుట్లు అంటే తిప్పే బలం సుమారు 460 న్యూటన్ మీటర్లు. 40 మిల్లీమీటర్ల షాఫ్టు మీద కీ (షాఫ్టునూ హబ్బునూ కలిపి పట్టే ఇనుప ముక్క) దగ్గర అది 2.3 టన్నుల తోపు. చైన్ వేసి చుట్లు సగానికి తగ్గిస్తే, ఆ తగ్గిన షాఫ్టు మీద తిప్పే బలం రెట్టింపు. పచ్చి కట్టె డ్రమ్ముకు చుట్టుకున్నప్పుడు పడే దెబ్బ దీనికి అదనం.

కొనేటప్పుడు వెల్డింగ్‌కని తయారుచేసిన ఎంఎస్ హబ్బే అడగండి. మాటిమాటికీ విప్పాల్సిన చోట టేపర్ బుష్ (బోల్టులతో బిగించి విప్పే ఏటవాలు బుష్) పట్టేది తీసుకోండి, రేటెక్కువైనా సుత్తి దెబ్బల బాధ తప్పుతుంది. ప్లేటు కూర్చోడానికి మెట్టు ఉన్న హబ్బైతే వంకర రాదు. లేత్ షెడ్డులోనే చేయిస్తే కొత్త ఎంఎస్ రౌండు కొనివ్వండి, బిల్లు దగ్గర పెట్టుకోండి. ఇనుము మీద అనుమానముంటే, ఎంఎస్ అని తెలిసిన ముక్కను పక్కన పెట్టుకుని రెండిటికీ గ్రైండర్ తాకించండి. ఎంఎస్ రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి, కార్బన్ ఎక్కువున్న దాని రవ్వలు కొసల్లో గుబురుగా చిట్లుతాయి. డ్రిల్ వేస్తే చుట్టలు రాకుండా పొడి రాలితే అది బీడు (పోత ఇనుము). పాత బీడు పుల్లీ మధ్య ముక్క కోసి మామూలు రాడ్డుతో ఎవరైనా అతికిస్తానంటే మిషన్ అక్కడి నుంచి తోలుకొచ్చేయండి.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీల వాళ్లకూ ఇదే మాట. అక్కడ నీళ్లు, రాతిపిండి పేరుకుని చిట్లు అసలే కనపడదు.

ఇక షెడ్డులో మీరు దగ్గరుండి చేయించాల్సినవి. పెయింటు, గ్రీజు, జింకు పూత గీకించండి. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ముందు ఎదురెదురుగా నాలుగు చోట్ల ట్యాక్ (చిన్న వెల్డింగ్ చుక్క) వేయించి, డయల్ గేజీ పెట్టి వంకర చూసి, ఆ తర్వాతే పూస. పూస కూడా ఎదురెదురుగానే వేయాలి, ఒకే వైపు చుట్టుకుంటూ పోతే ప్లేటు గుంజుకుంటుంది. ప్లేటు రెండు పక్కలా వేయాలి. వేడికి బోరు కూడా గుంజుకుంటుంది, కాబట్టి కొంచెం తక్కువకు కొట్టించి, సైజు వెల్డింగ్ తర్వాత తీయించండి. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే ముక్కకే పెట్టాలి. ఫ్రేముకు పెడితే కరెంటు బేరింగు గుండ్లలోంచి పోయి గుంటలు పెడుతుంది. హబ్బును షాఫ్టుకే అతికించేయొద్దు, షాఫ్టు కూడా ఈఎన్-8 కావచ్చు. 7018 రకం వెల్డింగ్ రాడ్లు వేడి చేసి ఆరబెట్టకుండా వాడనివ్వొద్దు. నీళ్లు పోసి చల్లార్చనివ్వొద్దు. తొందరపెట్టొద్దు. హబ్బును షాఫ్టుకు బిగించే సెట్ స్క్రూ తల బయటికి పొడుచుకు రాకూడదు. చైన్ మీద రేకు బిగించకుండా ట్రాక్టర్ స్టార్ట్ చేయొద్దు. నడుస్తున్న మిషన్ దగ్గర పైట, తువ్వాలు, పంచె కొస వేలాడకూడదు. మళ్లీ చెప్తున్నా, గుజిరీ షాఫ్టు ముక్క వద్దు. బావ ఇచ్చినా వద్దు, ఊరికే వచ్చినా వద్దు.

ఇప్పటికే అలాంటి హబ్బు మిషన్‌కు ఉంటే పూస అంచును వైర్ బ్రష్‌తో రుద్ది, చిట్లు చూసే ఎర్ర రంగు స్ప్రే కొట్టి, కాసేపాగి తుడిచి, తెల్లది కొట్టి చూడండి. కొత్త హబ్బైతే వెల్డింగ్ అయిన రెండు రోజులకు చూడండి. తెల్లటి మీద ఎర్ర గీత ఊరితే ఆ హబ్బు కోసేయించండి. దాని మీద ఇంకో పూస పెట్టించొద్దు.