ఈ ఒండ్రు ఏ నదిది? అయస్కాంతంతో ఖనిజం, రేణువు సైజు ఎలా తేల్చాలి

సిరొంచ దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తది, ఇంకా కిందికి పోతే సోమనూర్ కాడ ఇంద్రావతి కలుస్తది. వరద తగ్గినాక పొలంలో మేట వేసిన ఒండ్రుని చూసి ఇది ఫలానా నదిది అని రంగుని బట్టి చెప్పే పెద్దమనుషులు ఇక్కడ ప్రతి ఊళ్లో ఉంటారు, చాలాసార్లు కరెక్టే చెప్తారు కూడా. కానీ తడిగా ఉంటే ఒక రంగు, ఎండితే ఇంకో రంగు, మూడు నీళ్లూ కలిసిన చోట అయితే ఏమీ తెలీదు. అలాంటప్పుడు మట్టిలో ఉన్న ఇనుప ఖనిజాల్ని అడగాలి.

ఎందుకంటే గోదావరి పైనంతా దక్కన్ బసాల్ట్ మీద నడిచి వస్తది, ఆ నల్లరాయిలో టైటానోమాగ్నెటైట్, అంటే టైటానియం కలిసిన మాగ్నెటైట్ బాగా ఉంటది, మాగ్నెటైట్ అంటే అయస్కాంతానికి గట్టిగా అంటుకునే నల్లటి ఇనుప ఖనిజం. ఇంద్రావతి బస్తర్ గ్రానైట్లు, నీస్ రాళ్ల మీద నుంచి వస్తది, పైగా బైలదిల్లా హెమటైట్ (ఎర్రటి ఇనుప ఖనిజం) కొండల ఎర్రనీళ్లు శంఖిని, డంకిని వాగుల్లో నుంచి దాంట్లోకే చేరతాయి. ప్రాణహితది మిక్సింగ్, వార్ధా వైపు బసాల్ట్, వైన్‌గంగా వైపు పాత రాళ్లు.

ముందు శాంపిల్. నదులు కలిసే చోటుకి పైనే ఒక్కో నది నుంచి విడివిడిగా తీయండి, ఆ తర్వాతే మీ పొలం మట్టి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. పార, గడ్డపార వద్దు, తుప్పు పెచ్చు ఒక్కటి రాలినా రీడింగ్ పోయినట్టే, ప్లాస్టిక్ చెంచా గానీ పీవీసీ పైపు ముక్క గానీ చాలు. ఇటుక బట్టీ పక్కన, పత్తికట్టె కాల్చిన చోట అస్సలు తీయకండి. మట్టి కాలితే అందులో కొత్తగా సన్నటి మాగ్నెటైట్ పుడతది, మామూలుగా పైమట్టిలో ఇలా అయస్కాంత గుణం పెరగడాన్ని ఫ్రాన్స్‌లో ల బోర్న్ అనే శాస్త్రవేత్త 1955లోనే గమనించి రాశాడు, మంట వల్ల పెరగడం గురించి 1960లో రాశాడు.

నీడలో ఆరబెట్టండి, ఓవెన్ అయితే 40 డిగ్రీలు దాటనివ్వకండి. పింగాణీ రోట్లో మెల్లగా చిదిమి నైలాన్ జల్లెడలో పట్టి 63 మైక్రాన్ల కంటే సన్నటిది వేరు చేయండి. ఈ పని బోర్ కొడతది, చాలామంది వదిలేస్తారు, కానీ ఒక నది ఇసుకని ఇంకో నది బురదతో పోలిస్తే మీరు కొలిచేది నదిని కాదు, నీటి వేగాన్ని. ఇంకోటి, జల్లెడలో వచ్చే సైజు వేరు, అయస్కాంత కొలత చెప్పే సైజు వేరు. 50 మైక్రాన్ల బసాల్ట్ రేణువు లోపల మైక్రాన్‌లో పదో వంతు కూడా లేని మాగ్నెటైట్ నలుసులు ఉండొచ్చు, ల్యాబ్‌లో కొలిచే మెషిన్ మాట్లాడేది ఆ నలుసుల గురించే.

ఇంట్లో చేసే చిన్న టెస్టు ఒకటుంది. గట్టి అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ఎండు మట్టిలో తిప్పండి. గోదావరి మట్టి అయితే నల్లటి నూగు కవరుకి అంటుకుని వెంట్రుకల్లాగా నిలబడతది, కవరు లోపల నుంచి అయస్కాంతం లాగేస్తే అదంతా కాగితం మీద రాలిపోతది. ఉందా లేదా అన్నది తెలుస్తది, అంతకుమించి ఏమీ తెలీదు, మిగతాదానికి ల్యాబ్ కావాలి. పన్వేల్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నెటిజంలో ఈ పని జరుగుతది, ముందే మాట్లాడుకుని పోవాలి.

ల్యాబ్‌లో మట్టిని 10 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా కూరండి, మిగిలిన ఖాళీలో క్లింగ్ ఫిల్మ్ పెట్టండి, రేణువు లోపల తిరిగితే తర్వాతి కొలతలన్నీ దండగ. మట్టి బరువు రాసుకోండి, ఖాళీ డబ్బా రీడింగ్ కూడా రాసుకోండి, అది మైనస్‌లో వస్తది, తీసేయాలి.

మొదటి కొలత ససెప్టిబిలిటీ, అంటే చిన్న అయస్కాంత ఫీల్డ్‌లో పెడితే మట్టి ఎంత అయస్కాంతంలా మారుతుందో. బార్టింగ్టన్ మీటర్లో 465 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, 4650 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, ప్రతి శాంపిల్‌కి ముందూ వెనకా గాలి రీడింగ్ (మీటర్లో ఏమీ పెట్టకుండా తీసేది), ఫోను, తాళాలు దూరంగా. రెండిటి తేడాని మొదటిదాంతో భాగించి 100తో గుణించండి. 2 శాతం లోపు వస్తే 30 నానోమీటర్ల కంటే సన్నటి రేణువులు లేనట్టే, 10 దాటితే అవే ఎక్కువ. మామూలుగా నేలలో పుట్టిన మాగ్నెటైట్‌కి ఇది ఎక్కువ వస్తది. రామగుండం లాంటి చోట బొగ్గు కాల్చగా వచ్చే బూడిదలో పెద్ద గుండ్రటి రేణువులు ఉంటాయి కాబట్టి ససెప్టిబిలిటీ ఎక్కువే గానీ ఈ శాతం తక్కువ. అసలు రీడింగే చిన్నదైతే మాత్రం ఈ శాతాన్ని నమ్మకండి, అది ఉత్త నాయిస్.

బసాల్ట్ మట్టికి కిలోకి 10⁻⁸ ఘనపు మీటర్ల లెక్కలో వందల్లో రావడం మామూలే. ఇక్కడే జనం ఆగిపోయి ఇనుము ఇంత ఉంది అని రాసేస్తారు, అది తప్పు. అదే లెక్కలో మాగ్నెటైట్ ఒక్కటే దాదాపు 50,000, హెమటైట్ 60 చుట్టూ, అంటే నూటికి ఒక వంతు మాగ్నెటైట్ ఉన్నా 500 ఇస్తది, మొత్తం డబ్బా హెమటైట్ అయినా అంత రాదు. పప్పులో ఇంగువ లాంటిదన్నమాట. బైలదిల్లా ఎరుపు ఈ కొలతలో కనపడనే కనపడదు.

అందుకే ఇంకో రెండు కొలతలు కావాలి, రెండూ ఫీల్డ్ తీసేసినాక మట్టిలో మిగిలే అయస్కాంత గుణాన్ని కొలుస్తాయి. రెండోది ఏఆర్ఎమ్ (యాన్‌హిస్టెరెటిక్ రెమనెంట్ మాగ్నెటైజేషన్). 100 మిల్లీటెస్లా (టెస్లా అంటే అయస్కాంత ఫీల్డ్ కొలిచే యూనిట్) నుంచి మెల్లగా తగ్గే ఆల్టర్నేటింగ్ ఫీల్డ్‌లో, అంటే అటూ ఇటూ దిక్కు మారే ఫీల్డ్‌లో పెట్టి, దాంతోపాటు 0.05 మిల్లీటెస్లా స్థిరమైన ఫీల్డ్ ఇస్తారు, అది దాదాపు భూమి ఫీల్డ్ అంతే. 30 నానోమీటర్లకి కాస్త పైనుండే సింగిల్ డొమైన్ రేణువులు, అంటే రేణువు మొత్తం ఒకే దిక్కున అయస్కాంతంలా ఉండేవి, దీనికి బాగా పలుకుతాయి. మూడోది ఐఆర్ఎమ్ (ఐసోథర్మల్ రెమనెంట్ మాగ్నెటైజేషన్), పల్స్ మాగ్నెటైజర్ అనే, క్షణంపాటు గట్టి ఫీల్డ్ ఇచ్చే మెషిన్‌తో 1 టెస్లా కొట్టి కొలిచి, తిప్పి ఎదురు దిక్కున 300 మిల్లీటెస్లా కొట్టి మళ్లీ కొలవాలి. ఈ వరస మార్చొద్దు, 1 టెస్లా కొట్టిన డబ్బాకి తర్వాత ఏఆర్ఎమ్ పెడితే పాతది పూర్తిగా పోదు.

ఎదురు కొలతని 1 టెస్లా కొలతతో భాగించి గుర్తు మారిస్తే ఎస్-రేషియో. మాగ్నెటైట్ 300 మిల్లీటెస్లా లోపే నిండిపోతది కాబట్టి 1కి దగ్గరగా వస్తది, హెమటైట్, గోథైట్ (పసుపు-గోధుమ రంగు ఇనుప ఖనిజం) ఉంటే తగ్గుతది. కానీ కొంచెం మాగ్నెటైట్ ఉన్నా రేషియో 1 వైపే జరుగుతది, అందుకని రెండు కొలతల్నీ గుర్తులతో సహా కూడి సగం చేసి కూడా చూడండి, హెమటైట్ ఎంతుందో అంచనా దాంట్లో దొరుకుతది. ఇంద్రావతిని పట్టించేది ఇదే. సైజు కోసం ఏఆర్ఎమ్‌ని 1 టెస్లా కొలతతో భాగించండి, ఎక్కువైతే సన్నవి, తక్కువైతే ముతకవి.

వేడి చేయడం ఆఖర్న, అదీ కొంచెం మట్టితోనే, వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ ససెప్టిబిలిటీ కొలుస్తూ గీత గీస్తారు. మాగ్నెటైట్ 580 డిగ్రీల దగ్గర గుణం కోల్పోతది, టైటానియం ఎక్కువైతే ఇంకా కింద, హెమటైట్ 675 దగ్గర, గోథైట్ 120కే. చల్లారేటప్పుడు గీత వేడెక్కినప్పటి గీత కంటే పైకి పోతే మీ మట్టిలో ఉన్నది కాదు, కొలిమిలో కొత్తగా పుట్టిన మాగ్నెటైట్ అది, బంకమట్టికీ చెరువు బురదకీ ఇలా తరచూ అవుతది, అప్పుడు ఎక్కేటప్పటి గీతే తీసుకుని, దిగేటప్పటిది పక్కన పెట్టేయండి.